పొయ్యిలో వేసిన పేరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మాయి ఈ మధ్య కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగుతూ, "మేడం, చిన్నపిల్లలకు చరిత్ర ఎట్ల చెప్పాలె? రాజుల పేర్లు ఎత్తుకుంటే చాలు, అందరు ఆవులిస్తున్రు" అని అడిగింది. రిటైరై మూడేళ్లయినా నన్ను ఇంకా ఇలాంటివి అడిగేవాళ్లు ఉన్నారని లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. వెంటనే నా తాడు ముచ్చట చెప్పాను. ఆమె సంబరంగా నోట్‌బుక్కులో రాసుకుని వెళ్లిపోయింది.

ఆమె పోయాక నా మనసు మనసులో లేదు. తాడు గురించి చెప్పాను కానీ, ఆ తాడు మీది నుంచి నా చేతులతో తీసేసిన ఒక చీటీ గురించి చెప్పలేదు. నాకు మంచి పేరు తెచ్చే సగం చెప్పి, మిగతా సగం మింగేశాను. ఆ మింగేసిన సగం ఇప్పుడు రాస్తున్నాను. ఆ అమ్మాయితో పాటు, కొత్తగా బడుల్లోకి వస్తున్న మీరంతా చదవండి.

ముందు తాడు సంగతి. నేను మొదట ఖానాపూర్ దగ్గర ఒక పల్లెలో పనిచేశాను. నాలుగో తరగతి పిల్లలకు నూరేళ్ల కిందట అంటే ఏమీ అర్థమయ్యేది కాదు. తాత పెళ్లి అయినా, కాకతీయులు అయినా వాళ్లకు అంతా ఎనకటి సంగతే. ఒకరోజు ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు చిన్నగున్నప్పుడు రాజులను చూసిన్రా?" అని అడిగింది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు! ఆ ఉక్రోషంతోనే మర్నాడు బట్టలారేసే తాడు ఒకటి తెచ్చి, తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టాను.

ఒక జానకు పదేళ్లని లెక్క పెట్టాం. ఈ కొసన ఇవాళ. జానెడు దూరంలో పిల్లలు పుట్టారు. మూడు జానల దగ్గర వాళ్ల అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు. ఆరేడు జానల దగ్గర తాతలు. నిజాం పాలన పోవడం తాతల కన్నా ఇవతలికే వచ్చేసరికి "గంత దగ్గర్నా!" అని నోళ్లు తెరిచారు. కాకతీయులు మాత్రం గదిలో ఇమడలేదు. వాళ్లకు ఎనభై జానలు కావాలి. తాడుకు తాడు ముడేసుకుంటూ వాకిలి దాటి బోరింగు దాకా పోయాం. అక్కడ ఒక పిల్లను నిలబెట్టి "నువ్వే ఓరుగల్లు" అన్నాను. ఆ పిల్ల బడి వదిలేదాకా బోరింగు దగ్గర ఎవ్వరినీ నీళ్లు కొట్టనివ్వలేదు.

తర్వాత ఆ తాడు మీద పిల్లలు తమ ఇంటి సంగతులు చీటీల మీద రాసి బట్టల క్లిప్పులతో తగిలించేవాళ్లు. ఈ ఊరికి ముందుగా ఎవరు వచ్చారు, ఎక్కడి నుంచి, ఎందుకు. అవన్నీ వ్యవసాయం చేసుకునే ఇళ్లు. చెలక ఎవరు కొన్నారో, బావి ఎవరు తవ్వించారో, ఏ కరువుకు ఎడ్లను అమ్ముకున్నారో పిల్లలు రాసుకొచ్చేవాళ్లు. తాతలు బడికి వచ్చి మరీ తప్పులు దిద్దేవాళ్లు. నాకు "తాడు టీచరమ్మ" అని పేరొచ్చింది. మండలంలో మీటింగు పెడితే నన్ను లేపి రెండు మాటలు చెప్పించేవాళ్లు. నేను నాలుగు చెప్పేదాన్ని.

పదిహేనేళ్ల కిందట బెల్లంపల్లి దగ్గర బొగ్గు కార్మికుల కాలనీలో ఉన్న బడికి బదిలీ అయింది. నేను పుట్టింది కరీంనగర్ దిక్కు మరమగ్గాల ఊరిలో. మా బాపు బతుకంతా ఆ సాంచెల మధ్య నిలబడి గడిచింది. బొగ్గు సంగతి నాకేం తెలుసు? గనిని అక్కడ బాయి అంటారని కూడా వెళ్లాకే తెలిసింది. ఐదో తరగతిలో ముప్పై ఆరు మంది పిల్లలు. ఒకరి తాత ఉత్తరాది నుంచి, ఒకరి తాత మహారాష్ట్ర నుంచి, ఒకరి బాపు మా ఊరి లాంటి మగ్గాల ఊరి నుంచి. చరిత్ర చెప్పే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? వారం తిరక్కుండా తాడు కట్టేశాను.

మా పెద్దసారు ఆ కాలనీలోనే పుట్టి పెరిగినవాడు. ఆయన తండ్రి కూడా బాయి దిగినవాడే. పిల్లలు చీటీలు రాస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి, "ఇండ్ల ముచ్చట్లు మనకెందుకు టీచరమ్మా? పుస్తకంల ఉన్నది చెప్పరాదు?" అన్నాడు. కుర్చీలోంచి లేవాలంటేనే బద్ధకించే మనిషి. కొత్తగా ఏదైనా చేస్తే తనకెక్కడ పని పడుతుందోనని అంటున్నాడనుకుని చెవిన వేసుకోలేదు.

ఆ పిల్ల మూడో వరసలో కూర్చునేది. మాట తక్కువ, చెయ్యెత్తడం ఎక్కువ. ప్రశ్న పూర్తికాకముందే చెయ్యి లేచేది. "టీచర్, నేను చెప్త" అనేది. చేతిరాత చూస్తే నా రాతకు నాకే సిగ్గేసేది. అందరూ ఒక్కరోజులో చీటీ తెస్తే ఆమె మూడు రోజులు తీసుకుంది. ఆ చీటీలో ఇలా ఉంది:

"మా బాపు లారీ ఎక్కి ఇక్కడికి వచ్చిండు. ఒకాయినెకు బాయిల నౌకరి దొరికింది. ఆయినె రెండు రోజులు దిగి, భయమై ఊరికి పోయిండు. ఆయిన పేరు మీద మా బాపు దిగిండు. బాయిల ఆ పేరు పెట్టి పిలిస్తె పలుకుతడు. మా బాపు సొంత పేరు వేరే ఉన్నది."

తర్వాతి వరసలో ఆ పేరు రాసింది. దాని కింద ఇంకో రెండు వాక్యాలు. "ఆ పేరు పెట్టి పిలిచేది మా బాపమ్మ ఒక్కతే. ఆమె చచ్చిపోయింది గనక ఇప్పుడు ఎవ్వరు పిలువరు."

భార్య మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. బిడ్డలు పిలవరు. తోటి కార్మికులకు ఆ పేరే తెలియదు. తల్లి పోయిన రోజు నుంచి ఆ మనిషి సొంత పేరు ఎవరి నోటా లేదు. పదేళ్ల పిల్ల అది కనిపెట్టి రాసింది. నేను పొంగిపోయాను. తరగతి ముందు నిలబడి గట్టిగా చదివాను. "ఇదీ చరిత్రంటే! జరిగింది జరిగినట్టు చెప్పింది. చప్పట్లు కొట్టండి" అన్నాను. కొట్టారు కానీ ఏదో మొక్కుబడిగా కొట్టారు. ఆ తేడా నేను పట్టించుకోలేదు. చీటీని తాడు మధ్యలో, అందరికీ కనిపించేలా తగిలించాను.

మూడు రోజుల తర్వాత బడి వదిలే వేళకు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడి తల, నాలుగడుగులకే ఆయాసం. గుండె జబ్బుతో పనికి పోవడం లేదని తర్వాత తెలిసింది. "మా పోరి రాసింది ఏది టీచర్?" అని అడిగాడు. చూపించాను. చదవడానికి చాలాసేపు పట్టింది. ఆ పేరు ఉన్న వరస దగ్గరికి వేలు తీసుకుపోయాడు గానీ కాగితాన్ని ముట్టలేదు.

"అక్షరాలు మంచిగ దించింది" అన్నాడు.

"మీ పేరు చాలా మంచిగున్నదన్నా" అన్నాను.

"మా అవ్వ పెట్టింది" అని నవ్వాడు. ఇంకో నిమిషం నిలబడి వెళ్లిపోయాడు. ఆ నవ్వు చూసి, నేను చేసిన పనికి ఇంటివాళ్ల మెప్పు కూడా దొరికిందనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం, ప్రార్థన గంట కొట్టకముందే, ఆ పిల్ల తల్లి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. నన్ను చూడగానే చేతులు పట్టుకుంది.

"టీచరమ్మా, మీ కాళ్లు మొక్కుత. గా చీటీ తీసెయ్యిరి. ఎంక్వైరీ సారు వస్తుండు ఇయ్యాల, మా పెద్దోని అడ్మిషన్ చూస్తందుకు."

"ఏం ఎంక్వైరీ అమ్మా?"

"మా ఆయినెను అన్‌ఫిట్ చేసిన్రు. ఆయిన జాగల పెద్దోనికి నౌకరి ఇయ్యిమని కాయిదాలు పెట్టినం. అండ్ల అంత బాయి పేరే ఉన్నది. రేషన్ కార్డుల గదే, బ్యాంకుల గదే, మీ బడి రిజిస్టర్ల గదే. ఇంకో పేరున్నదని కాయిదం మీద ఒక్కలు చూసిన్రంటే పోరని నౌకరి పోతది. ఉన్న క్వార్టర్ పోతది. ఇన్నేండ్లు దొంగ పేరు మీద చేసినవని ఆయిన మీద కేసు పెడ్తరు."

అయినా అడిగాను. "మొన్న ఆయననే వచ్చి చూసి పోయిండు గదమ్మా. ఒక్క మాట అనలే?"

"నేను చెప్తనే ఉన్న టీచరమ్మా, పోయి తీపియ్యి అని. జర రెండ్రోజులు ఉండనియ్యే, నా పేరు మల్ల ఎవ్వలు రాస్తరు అన్నడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయినెకు పానం బాగలేక మనసు గట్లయింది. మాకు బతుకుడు గావాలె గద."

లోపలికి పరుగెత్తాను. చీటీ తీశాను. ఎక్కడ దాచాలో తోచలేదు. నా బల్ల సొరుగుకు తాళం లేదు. బ్యాగులో పెట్టుకుందామంటే, ఎంక్వైరీ అన్న మాట విన్నప్పటి నుంచి బ్యాగులు కూడా వెతుకుతారేమోనని భయం. వెనక షెడ్డులో వంటామె మధ్యాహ్న భోజనానికి అప్పుడే పొయ్యి ముట్టించింది. వెళ్లి అందులో వేసేశాను. "ఏంది టీచర్ గది?" అంది. "పాత కాగితం" అన్నాను. ఆ తల్లి ఇంకా గేటు దగ్గరే ఉంది. ఆమె చేతిలో పెట్టినా సరిపోయేది. ఆ ఆలోచన పొయ్యి దగ్గరి నుంచి తిరిగి వస్తుంటే వచ్చింది.

పిల్లలు వచ్చి కూర్చున్నారు. తాడు మధ్యలో క్లిప్పు ఒక్కటే వేలాడుతోంది. అది తీయడం మర్చిపోయాను. ఆ పిల్ల క్లిప్పును చూసింది, నన్ను చూసింది.

పదకొండు గంటలకు ఎంక్వైరీ ఆయన వచ్చాడు. చంకలో ఫైలు, చెమటతో తడిసిన కాలరు. పెద్దసారు గదిలో పాత అడ్మిషన్ రిజిస్టరు చూసుకుని, చెల్లెలు ఇక్కడే చదువుతోందని విని మా తరగతికి వచ్చాడు. పెద్దసారు ఆయన వెనకే నిలబడ్డాడు.

"నీ బాపు పేరేందమ్మా?"

ఆ పిల్ల లేచి నిలబడింది. జరిగింది జరిగినట్టు చెప్పాలని వారం కిందట తనకు చప్పట్లు కొట్టించిన టీచరు వైపు చూసింది. నేను తలూపాను. బాయి పేరు చెప్పింది, ఎక్కడా తడబడకుండా. ఆయన రాసుకున్నాడు. అక్కడితో ఎంక్వైరీ అయిపోయింది. పోవచ్చు. కానీ ఆయన చూపు తాడు మీద పడింది. ఒక్కో చీటీ చదువుతూ నడిచాడు. "మంచిగున్నది టీచర్. మా నాయన గూడ గిట్లనే వచ్చిండు" అన్నాడు. ఖాళీ క్లిప్పు దగ్గర ఆగాడు.

"ఇదేంది, ఇక్కడ ఏం లేదు?"

ఊరికే అడిగాడు. క్లిప్పు ఎక్కువైంది సార్ అంటే అయిపోయేది. కానీ ఎప్పుడూ అబద్ధమాడని మనిషి ఆడవలసి వస్తే అవసరం లేనివన్నీ కలుపుతుంది.

"ఈ అమ్మాయిదే సార్" అన్నాను, ఆమె వైపు చెయ్యి చూపించి. "ఇంకా రాయలేదు. కొంచెం మొద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఇంటి నుంచి ఏమీ రాసుకు రాదు."

ముప్పై ఆరు మందికీ ఆ చీటీ తెలుసు. నేనే చదివి వినిపించాను, నేనే చప్పట్లు కొట్టించాను. పక్కపిల్ల పెన్సిల్ చెక్కినా లేచి నాకు చాడీ చెప్పే పిల్ల ఒకతె ఉండేది. ఆమె కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్కరు నోరు మెదపలేదు. అలాంటి పేరు బయట పెట్టకూడదన్న సంగతి వాళ్లెవరూ నా దగ్గర నేర్చుకోలేదు. ఆ కాలనీలో పుట్టిన పిల్లలకు అది ముందే తెలుసు. చప్పట్లు ఎందుకు అంత చప్పగా మోగాయో నాకప్పుడు అర్థమైంది.

"రాయలే? మంచిది" అని ఆయన ఫైలు సర్దుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం పెద్దసారు కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఎంక్వైరీ ఆయినెకు తెల్వదనుకున్నవా టీచరమ్మా? ఈ కాలనీల శానా ఇండ్లల్ల గదే కథ. అందరికి ఎరుకే. కాయిదం మీద లేకుంటె సాలు, ఎవ్వలు తవ్వరు. నువ్వు ఊకున్నా అయిపోవు."

"మరి ముందే చెప్పరాదా సార్ నాకు?"

"చెప్తి గద. నువ్వు ఇంటివా?"



ఉద్యోగం వచ్చింది. ఆ ఏడాది తిరక్కముందే ఆ పిల్ల అన్న బాయి దిగాడు. వాళ్ల అవ్వ మిఠాయి డబ్బా పట్టుకుని బడికి వచ్చింది, ఆ పిల్లే తరగతంతా పంచింది. నాకు రెండు పెట్టింది. అందరూ ఆటలకు వెళ్లాక ఆమెను ఆపి, "ఇంకో చీటీ రాయి బిడ్డా. మీ అవ్వ గురించి రాయి" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"నాకు రాదు టీచర్. నేను జర మొద్దు గద" అంది.

కోపం లేదు, వెటకారం లేదు. టీచరు చెప్పిన మాటను అలాగే ఒప్పుకున్న పిల్ల గొంతు అది. ఆ తర్వాత చరిత్ర పాఠంలో ఆమె చెయ్యెత్తగా నేను చూడలేదు. లెక్కల్లో ఎత్తేది, తెలుగులో ఎత్తేది. తాడు దగ్గరికి వస్తే చేతులు ఒళ్లో పెట్టుకునేది. మార్చి వచ్చింది, పరీక్షలు అయ్యాయి, ఆమె హైస్కూలుకు వెళ్లిపోయింది. క్షమించమని నోరు తెరిచి చెప్పలేకపోయాను. పదేళ్ల పిల్లకు టీచరు క్షమాపణ చెప్పడమేమిటన్న పట్టింపు ఉండేది అప్పుడు. ఎంత పనికిమాలిన పట్టింపో!

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. క్వార్టర్లలో మనుషులు పలచబడ్డారు. బడిలో పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్నారట. నేను తర్వాత కూడా ఎక్కడ పనిచేసినా తాడు కట్టాను గానీ, చీటీ రాసే ముందు ఇంట్లో అడిగి రమ్మని పంపేదాన్ని. మీరు కూడా పంపండి. ఒక్కోసారి పొద్దున్నే కూరగాయలు తరుగుతూ ఆ గది గుర్తొస్తుంది. ఆ మూడో వరస, లేచిన ఆ చెయ్యి, "టీచర్, నేను చెప్త" అన్న ఆ గొంతు. నా సర్వీసులో ఏ రోజునైనా తిరిగి ఇస్తామంటే, ఉత్తమ టీచరని అవార్డు తీసుకున్న రోజు అక్కర్లేదు. ఆ పిల్ల చీటీ తెచ్చి నా చేతిలో పెట్టిన రోజు కావాలి. ఈసారి చదివి, మడిచి, తన చేతికే ఇచ్చి, "ఇది మీ ఇంట్లో దాచుకో బిడ్డా" అంటాను.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ చీటీ నాకు వాక్యం వాక్యం గుర్తుంది, ఆయన పేరు తప్ప. కాకతీయ రాజులను వరసగా చెప్పమంటే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ ఒక్క మనిషి పేరు ఎంత తన్నుకున్నా రాదు. మంచి పేరని ఆయన ముఖం మీదే అన్నాను, ఆయన నవ్వాడు. ఆ నవ్వు గుర్తుంది, పేరు లేదు. నేను చేసిన పనికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?

మొన్న వేసవిలో నస్పూర్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఎవరో వెనక నుంచి, "టీచర్, గుర్తు పట్టిన్రా?" అన్నారు. తిరిగి చూస్తే, చంకలో ఏడాది పాపతో ఒక అమ్మాయి. ముఖం చూసి పట్టలేదు గానీ ఆ మూడో వరస గొంతును పట్టాను. ఆస్పత్రిలో నర్సుగా చేస్తోందట. నన్ను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"బాపు ఎట్లున్నడు?"

"పోయి ఆరేండ్లయింది టీచర్. అవ్వ మంచిగున్నది, అన్న దగ్గర్నే ఉంటది." ఇంకో మాట తనే అంది. "దినాలకు ఫ్లెక్సీ కొట్టిపిచ్చినం. దాని మీద గూడ బాయి పేరే."

"ఆ రోజు నిన్ను మొద్దు అన్నాను. తప్పు చేశాను బిడ్డా" అన్నాను. పదిహేనేళ్లు పట్టింది ఆ ఒక్క మాటకు.

"గదేంది టీచర్. అన్నకు నౌకరి నిలబడ్డది గద" అని పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. తప్పు లేదని మాత్రం అనలేదు.

అప్పుడు అడిగాను. సిగ్గు విడిచి అడిగాను. "నేను మర్చిపోయిన బిడ్డా. మీ బాపు సొంత పేరు ఒక్కసారి చెప్పవా? ఎవ్వలకు చెప్ప."

ఆమె నా ముఖంలోకి చూసింది. చుట్టూ చూసింది. పెళ్లి పందిరి నిండా బాయి మనుషులే. మా పక్క వరసలోనే ఆమె అన్న డ్యూటీ దోస్తులు కూర్చుని తింటున్నారు.

"అన్నకు ఇంక ఇరవై ఆరేండ్ల సర్వీసు ఉన్నది టీచర్" అంది నెమ్మదిగా. "ఆయిన రిటైరయినంక చెప్త."

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. "అప్పటికి నాకు తొంభై నిండుతయ్ బిడ్డా."

ఆమె మొదటిసారి నవ్వింది. అచ్చం వాళ్ల బాపు నవ్వే.

"అయితే ఉండుండ్రి మరి" అంది.

"ఉంట" అన్నాను.